లక్డీకాపూల్‌లో కర్ర వంతెన లేదు, యూఎస్ఆర్‌లో యూజర్లు లేరు

లైనక్స్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. వెబ్‌సైట్ ఆగిపోయింది, డేటాబేస్ ఒక్క కొత్త వరస కూడా రాసుకోవడం లేదు. లాగిన్ అయి 'ఎల్ఎస్ /' కొడితే ఇరవై దాకా పేర్లు కనిపిస్తాయి: బిన్, బూట్, డెవ్, ఈటీసీ, హోమ్, లిబ్, ఆప్ట్, ప్రాక్, రన్, టీఎమ్‌పీ, యూఎస్ఆర్, వార్... వీటిలో దేంట్లో చెయ్యి పెట్టొచ్చు? దేన్ని ముట్టుకుంటే మిషన్ మళ్లీ లేవదు? పేరును బట్టి ఊహించి 'ఆర్ఎమ్ -ఆర్ఎఫ్' అనే తొలగింపు కమాండ్ కొట్టినవాళ్లు పోగొట్టుకున్న డేటాకు లెక్క లేదు. (ఇక్కడ పేర్లూ కమాండ్లూ పలికినట్టు రాశాం. కీబోర్డు మీద మామూలుగా ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.)

హైదరాబాద్‌లో లక్డీకాపూల్ అంటే కర్ర వంతెన అని అర్థం. ఇప్పుడక్కడ కర్ర వంతెన వెతికితే దొరకదు. కానీ ఆ పేరు వింటే ఒకప్పుడు అక్కడ ఏముండేదో తెలుస్తుంది. కంప్యూటర్‌లోని ఫోల్డర్ పేర్లూ అలాంటివే. పెట్టిన రోజున ఏ యంత్రం ఉంది, ఏ ఇబ్బంది వచ్చింది అన్నది ఆ పేర్లలో మిగిలిపోయింది. ఈరోజు ఆ ఫోల్డర్‌తో ఎలా మెలగాలో తెలియాలంటే పేరు పక్కనపెట్టి రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇందులోకి రాసేది ఎవరు? రాసింది ఎంతకాలం బతకాలి?

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది /యూఎస్ఆర్. దీన్ని 'యూనిక్స్ సిస్టమ్ రిసోర్సెస్' అని విడదీసి చెప్పడం ఇంటర్వ్యూ పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. ఆ విస్తరణ తర్వాత అతికించింది. మొదట అది అచ్చంగా 'యూజర్', అంటే మనుషుల ఇళ్లు ఉండే చోటు. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ లైనక్స్‌కు మాతృక అయిన యూనిక్స్‌ను పీడీపీ-11 అనే కంప్యూటర్ మీదకు తెచ్చినప్పుడు ఆ మిషన్‌కున్న డిస్క్ 512 కిలోబైట్లు. ఈరోజు ఫోన్‌తో తీసే ఒక మంచి ఫొటో కూడా అందులో పట్టదు. తర్వాత చేరిన డిస్క్‌లు ఒక్కోటి సుమారు 2.5 మెగాబైట్లు. సిస్టమ్ మొదటి డిస్క్‌లో, యూజర్ల ఫైళ్లు రెండో డిస్క్‌లో. ఆ రెండో డిస్క్‌ను తగిలించిన చోటు పేరే /యూఎస్ఆర్.

ప్రోగ్రామ్‌లు పెరిగాయి. మొదటి డిస్క్‌లోని /బిన్ చాల్లేదు. మిగిలినవాటిని యూజర్ల డిస్క్‌లో /యూఎస్ఆర్/బిన్ అని ఇంకో ఫోల్డర్ చేసి పెట్టారు. లైబ్రరీలకూ అదే గతి: /లిబ్ నిండితే /యూఎస్ఆర్/లిబ్. అయితే ఒక షరతు ఉంది. రెండో డిస్క్‌ను తగిలించే 'మౌంట్' కమాండ్ ఆ రెండో డిస్క్‌లోనే ఉంటే దాన్ని నడిపేదెలా? తాళంచెవి బీరువా లోపల పెట్టి తాళం వేసినట్టవుతుంది. అందుకే మిషన్ లేవడానికి అత్యవసరమైనవి /బిన్‌లో, మిగతావి /యూఎస్ఆర్/బిన్‌లో అని నియమం ఏర్పడింది. సిస్టమ్ సామాను పెరిగే కొద్దీ మనుషులు ఆ డిస్క్ ఖాళీ చేసి వేరే చోటికి వెళ్లారు. అదే ఇప్పటి /హోమ్. యూఎస్ఆర్‌లో మాత్రం యూజర్లు లేరు, పేరు మిగిలింది.

ఈ విభజనకు ఇప్పుడు పనిలేదు. లైనక్స్ లేచేటప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక సిస్టమ్ మెమరీలోకి ముందు వచ్చి, డిస్క్‌లు తగిలించాల్సిన పనంతా అదే చూసుకుంటుంది. అందుకే ఫెడోరా అనే లైనక్స్ రకం 2012లో 17వ విడుదలతో రెంటినీ కలిపేసింది. ఉబుంటు, డెబియన్ తర్వాత అదే దారి పట్టాయి. మీ మిషన్‌లో 'ఎల్ఎస్ -ఎల్ /' కొట్టి చూడండి: బిన్ పక్కన బాణం గుర్తు, దాని తర్వాత 'యూఎస్ఆర్/బిన్' అని ఉంటుంది. అంటే /బిన్ అన్నది ఇప్పుడు ఫోల్డర్ కాదు, దారి చూపే బోర్డు మాత్రమే. దీనివల్ల వచ్చే చిక్కొకటి తెలిసి ఉండాలి. డెబియన్ 12లో 'డీపీకేజీ -ఎస్ /యూఎస్ఆర్/బిన్/ఎల్ఎస్' అని (-ఎస్‌లో ఇంగ్లిష్ పెద్ద అక్షరం) అడిగితే ఈ ఫైల్ ఏ ప్యాకేజీదీ కాదంటుంది. '/బిన్/ఎల్ఎస్' అని అడిగితే కోర్‌యుటిల్స్ ప్యాకేజీది అంటుంది. ఫైల్ ఒకటే. ప్యాకేజీ జాబితాలో పాత చిరునామా రాసి ఉంది, అంతే. సిస్టమ్ పాడైందని కంగారుపడి మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

యూఎస్ఆర్‌లో రాసేది ఎవరు? సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే, అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజర్ ఒక్కటే. మీరు చేత్తో అక్కడ మార్చింది తర్వాతి అప్‌డేట్‌లో కొట్టుకుపోతుంది. మీ సొంత ప్రోగ్రామ్‌లకు /యూఎస్ఆర్/లోకల్ ఉంది. దాని జోలికి ప్యాకేజీ మేనేజర్ రాదు. సమస్య కూడా అక్కడే పుడుతుంది. కమాండ్ వెతికే వరసలో సాధారణంగా /యూఎస్ఆర్/లోకల్/బిన్ ముందుంటుంది. ఎప్పుడో రెండేళ్ల కిందట అక్కడ కంపైల్ చేసి మరిచిపోయిన పాత వెర్షన్, ప్యాకేజీగా వచ్చిన కొత్తదానికి అడ్డం నిలబడుతుంది. అప్‌డేట్ చేశాక కూడా పాత వెర్షనే చూపిస్తోందంటే 'టైప్ -ఏ' తర్వాత ఆ ప్రోగ్రామ్ పేరు కొట్టండి, ఎన్ని ప్రతులు ఎక్కడెక్కడ ఉన్నాయో వరసగా చెబుతుంది. పాతది తీసేశాక షెల్ (మీరు కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) ఇంకా పాత దారినే పట్టుకుని ఉంటే 'హ్యాష్ -ఆర్'. పెద్ద సాఫ్ట్‌వేర్‌లు తమ సామానంతా ఒకే మూటగా పెట్టుకునే /ఆప్ట్ కూడా ఈ కోవలోదే. 'ఆప్షనల్' నుంచి వచ్చిన పేరది.

/ఈటీసీ సంగతి విచిత్రం. దీన్ని చాలామంది 'ఎట్సీ' అంటారు. అర్థం మాత్రం మన తెలుగు 'మొదలైనవి'. ఎక్కడా ఇమడని వాటిని వేసే గూడు. తొలి యూనిక్స్‌లో మిషన్‌ను లేపే 'ఇనిట్', 'మౌంట్' లాంటి ప్రోగ్రామ్‌లు కూడా ఇక్కడే ఉండేవి. కాలక్రమంలో ప్రోగ్రామ్‌లు వెళ్లిపోయి సెట్టింగులు మిగిలాయి. లైనక్స్ ఫోల్డర్ల అమరికకు రాసిన ప్రమాణం, 2015లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఎస్ 3.0, ఇక్కడ ప్రోగ్రామ్‌లు ఉండకూడదని స్పష్టంగా చెబుతుంది. 'మొదలైనవి' అన్న పేరున్న ఈ ఫోల్డరే ఇప్పుడు మిషన్‌లో అత్యంత విలువైనది. మిగతా సిస్టమ్‌ను ఇంటర్నెట్ నుంచి మళ్లీ దింపుకోవచ్చు, మీరు ఏళ్ల తరబడి సర్దుకున్న సెట్టింగులు ఏ సర్వర్‌లోనూ దొరకవు. పరిమాణం చూస్తే సాధారణంగా కొన్ని మెగాబైట్లే. రోజూ బ్యాకప్ తీసినా భారం కాదు.

ఇందులో చుక్క డీతో ముగిసే ఫోల్డర్లు చాలా ఉంటాయి: సుడోయర్స్.డీ, సిస్‌సీటీఎల్.డీ, ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ. అసలు సెట్టింగుల ఫైల్‌ను కదపకుండా, పక్కన చిన్న చిన్న చీటీలు పెట్టుకునే ఏర్పాటు ఇది. చీటీలను అక్షర క్రమంలో చదువుతారు కాబట్టి పేరు ముందు 10-, 50-, 99- అని అంకెలు వేస్తారు. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) సెట్టింగులు చూసే సిస్‌సీటీఎల్‌లో ఒకే సెట్టింగ్ రెండు చోట్ల ఉంటే చివర చదివింది గెలుస్తుంది. దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లో తిరకాసు: అక్కడ మొదట చదివింది గెలుస్తుంది. క్లౌడ్ కంపెనీ ఇచ్చిన 50- ఫైల్‌లో పాస్‌వర్డ్ లాగిన్ 'ఎస్' అని ఉండి, మీరు 99- ఫైల్‌లో 'నో' అని రాస్తే తలుపు తెరిచే ఉంటుంది. మీరు మాత్రం మూశాననుకుంటారు. మీ ఫైల్‌కు 10- అని పేరు పెట్టండి, ఆ తర్వాత రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, 'ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ' కొట్టి, ఇంగ్లిష్ పెద్ద అక్షరం టీ వేసి, నిజంగా అమలయ్యే సెట్టింగ్ ఏదో కళ్లారా చూసుకోండి. ఎవరికి రూట్ అధికారాలుంటాయో చెప్పే సుడోయర్స్.డీలో ఇంకో నియమం: పేరు మధ్యలో చుక్క ఉన్న ఫైల్‌ను అసలు చదవదు. 'రవి.కాన్ఫ్' అని పెట్టి, అనుమతి ఎందుకు రాలేదా అని తల పట్టుకోవడం ఇక్కడ మామూలు. 'రవి' అని పెడితే సరిపోతుంది.

ఇక డిస్క్ నిండిపోయిన విషయానికి వద్దాం. చాలా సందర్భాల్లో వెతకాల్సిన చోటు /వార్. 'వేరియబుల్', అంటే మారుతుండేది. 1980లలో ఆఫీసు నెట్‌వర్క్‌లలో సొంత డిస్క్ లేని కంప్యూటర్లు వచ్చాయి. అన్నీ కలిసి ఒకే సర్వర్‌లోని /యూఎస్ఆర్‌ను చదువుకునేవి. పదిమంది పంచుకునే ఫోల్డర్‌లో ప్రతి మిషన్ తన లాగ్‌లు (జరిగినవాటి చిట్టాలు) రాసుకుంటే ఎలా? మారేవాటిని విడదీసి ఒక్కో మిషన్‌కు వేరుగా ఇచ్చారు. అలా /వార్ పుట్టింది.

మారేవి అన్నంత మాత్రాన పారేసేవని కాదు. దీని లోపలి ఫోల్డర్లకు ఒక్కోదానికి ఒక్కో ఆయుష్షు. /వార్/క్యాష్ పోతే మళ్లీ తయారవుతుంది. ఉబుంటులో 'యాప్ట్ క్లీన్' కొడితే దింపుకున్న ప్యాకేజీ ఫైళ్లన్నీ పోతాయి, నష్టం లేదు. /వార్/లాగ్‌లో పాతవి తీయొచ్చు. /వార్/స్పూల్‌లో ఉన్నవి పని కోసం వరసలో నిలబడ్డ సరుకు: ప్రింట్ కావాల్సిన కాగితాలు, బయటికి పోవాల్సిన మెయిల్స్. అవి తీసేస్తే ఆ మెయిల్ ఎవరికీ చేరదు. /వార్/లిబ్‌ను మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. పేరులో 'లిబ్' ఉన్నా అందులో ఉండేవి లైబ్రరీలు కావు, ప్రోగ్రామ్‌ల ప్రాణం. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మొత్తం /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్‌లో, డాకర్ (ప్రోగ్రామ్‌లను డబ్బాల్లో పెట్టి నడిపే సాధనం) సామాను /వార్/లిబ్/డాకర్‌లో, ఏయే ప్యాకేజీలున్నాయన్న చిట్టా /వార్/లిబ్/డీపీకేజీలో ఉంటాయి. డాకర్ స్థలం తినేస్తోంటే 'డాకర్ సిస్టమ్ ప్రూన్' అని డాకర్ చేతే తీయించాలి.

లాగ్ తీసినా స్థలం రాకపోవడం అందరికీ ఎదురయ్యే పరీక్ష. 40 జీబీల లాగ్ ఫైల్‌ను 'ఆర్ఎమ్' చేశారు. ఫైళ్ల సైజులు కూడే 'డీయూ' లెక్కలో తగ్గింది. డిస్క్ మొత్తం వాడకం చూపే 'డీఎఫ్ -హెచ్' మాత్రం ఇంకా 100 శాతమే అంటుంది. కారణమేంటంటే, 'ఆర్ఎమ్' తీసేసేది ఫోల్డర్‌లో ఉన్న పేరును మాత్రమే. ఆ ఫైల్‌ను తెరిచిపెట్టుకున్న ప్రోగ్రామ్ ఇంకా నడుస్తుంటే లోపలి డేటా డిస్క్ మీద అలాగే ఉంటుంది, ఆ ప్రోగ్రామ్ దాంట్లో రాస్తూనే ఉంటుంది. 'ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1' (+ఎల్‌లో ఇంగ్లిష్ పెద్ద అక్షరం) కొడితే పేరు పోయినా ప్రాణం పోని ఇలాంటి ఫైళ్లు బయటపడతాయి. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే స్థలం తిరిగొస్తుంది. అసలు మొదటే 'ఆర్ఎమ్'కు బదులు 'ట్రంకేట్ -ఎస్ 0' కొట్టి ఫైల్‌ను ఉన్నచోటే ఖాళీ చేస్తే ఈ గొడవ రాదు. సిస్టమ్‌డీ జర్నల్ పెరిగిపోతే 'జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎమ్' (ఎమ్ పెద్ద అక్షరం). ఇవన్నీ చూశాక స్థలం ఉండి కూడా 'స్థలం లేదు' అనే సందేశం వస్తుంటే 'డీఎఫ్ -ఐ' చూడండి. లక్షల కొద్దీ బుల్లి ఫైళ్లు పేరుకుపోయి ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున ఇచ్చే ఐనోడ్ నంబర్లు అయిపోయి ఉంటాయి.

తాత్కాలిక ఫోల్డర్లు రెండున్నాయన్నది చాలామంది గమనించరు. /టీఎమ్‌పీలో పెట్టింది రీబూట్‌తో పోతుందనే అనుకోవాలి. /వార్/టీఎమ్‌పీలో పెట్టింది రీబూట్ దాటి బతకాలన్నది నియమం. సిస్టమ్‌డీ మూల సెట్టింగుల ప్రకారం మొదటిదానికి గడువు 10 రోజులు, రెండోదానికి 30. డిస్ట్రిబ్యూషన్లు (ఫెడోరా, ఉబుంటు లాంటి లైనక్స్ రకాలు) ఈ అంకెలు మార్చుకుంటాయి. నాలుగు గంటలు పట్టే పనికి మధ్యంతర ఫైళ్లు రెండోదాంట్లో పెట్టడం మేలు. /టీఎమ్‌పీ అనుమతుల చివర 'టీ' అనే అక్షరం కనిపిస్తుంది. అందరూ రాయొచ్చు కానీ ఎవరిది వాళ్లే తీయగలరన్న కట్టుబాటు అది. ఎవరైనా 'సీహెచ్‌మాడ్ 777' కొట్టి ఆ టీని చెరిపేస్తే ఒకరి ఫైళ్లు ఇంకొకరు తీసేయగలరు. సరిచేయడానికి 'సీహెచ్‌మాడ్ 1777'. /ప్రాక్, /సిస్ డిస్క్ మీద ఉండనే ఉండవు. కెర్నల్ అప్పటికప్పుడు చూపించే అద్దాలవి. /ప్రాక్/కేకోర్ అనే ఫైల్ సైజు సుమారు 128 టెరాబైట్లని కనిపిస్తే బెదరకండి, అది ఒక్క బైటు స్థలం కూడా తినదు.

విండోస్ పేర్లలో చరిత్ర ఇంకా మెలికలు తిరిగింది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. తలకిందులుగా కనిపించే ఈ అమరికకు కారణం ఉంది. 1993లో విండోస్ ఎన్‌టీ వచ్చినప్పుడు 32 బిట్ సామానుకు సిస్టమ్32 అని పేరు పెట్టారు. ఆ పేరు లెక్కలేనన్ని ప్రోగ్రామ్‌ల కోడ్‌లో పాతుకుపోయింది. వాటిని 64 బిట్‌కు మళ్లీ కంపైల్ చేసినప్పుడు ఆ దారి మారితే అన్నీ విరిగిపోతాయి. కాబట్టి పేరు అలాగే ఉంచి లోపలి సరుకు మార్చారు. పాత 32 బిట్ ప్రోగ్రామ్‌లకోసం 'విండోస్ ఆన్ విండోస్ 64' అనే పొర కట్టి, దాని ఫైళ్లకు ఆ పొర పేరే పెట్టారు. 32 బిట్ ప్రోగ్రామ్ సిస్టమ్32 అని అడిగితే విండోస్ గుట్టుగా సిస్‌వావ్64 వైపు తిప్పుతుంది. మీ కంటికి ఎక్స్‌ప్లోరర్‌లో కనిపిస్తున్న ఫైల్ 32 బిట్ స్క్రిప్ట్‌కు 'లేదు' అనిపిస్తే కారణం ఇదే. ఆ స్క్రిప్ట్‌లో దారిని 'సిస్‌నేటివ్' అని రాస్తే అసలు చోటికి వెళ్తుంది.

సిస్టమ్32 లోపల డ్రైవర్స్ అనే ఫోల్డర్, దానిలో 'ఈటీసీ', అందులో 'హోస్ట్స్' ఫైల్. యూనిక్స్ వాళ్ల 'మొదలైనవి' నెట్‌వర్కింగ్ సామానుతోపాటు ఇక్కడిదాకా వచ్చింది. సిస్టమ్32 పక్కనే ఉండే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ పది జీబీలు చూపిస్తుంటే తొలగించాలనిపిస్తుంది. అందులోని చాలా ఫైళ్లు సిస్టమ్32లోని ఫైళ్లకే రెండో పేర్లు, ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కపెడుతుంది. చేత్తో తీస్తే అప్‌డేట్లు ఆగిపోతాయి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /స్టార్ట్‌కాంపొనెంట్‌క్లీనప్' కొడితే తీయదగినవి అదే తీస్తుంది.

అందరి జేబులోనూ ఉన్న పాత పేరు డీసీఐఎమ్. 'డిజిటల్ కెమెరా ఇమేజెస్'. ఒక కంపెనీ కెమెరాలో తీసిన కార్డు ఇంకో కంపెనీ యంత్రంలో తెరుచుకోవాలని 1998లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమ రాసుకున్న ఒప్పందం అది. లోపలి ఫోల్డర్ పేరు 100 నుంచి 999 మధ్య అంకెతో మొదలవ్వాలి, ఫొటో పేరులో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. ఆండ్రాయిడ్‌లో దీన్ని వెతుకుతూ పోతే /స్టోరేజ్/ఎమ్యులేటెడ్/0 అనే దారి తగులుతుంది. ఒకప్పుడు ఫొటోలు నిజమైన ఎస్‌డీ కార్డులో ఉండేవి. ఇప్పుడు ఫోన్ సొంత మెమరీలోనే కార్డు ఉన్నట్టు చూపిస్తారు, అందుకే 'ఎమ్యులేటెడ్'. 0 అన్నది మొదటి యూజర్ నంబర్. ఇక్కడా ఆయుష్షు చూసుకోవాలి: 'ఆండ్రాయిడ్/డేటా'లో ఉన్నది ఆ యాప్ తీసేయగానే పోతుంది, డీసీఐఎమ్‌లో ఉన్నది మిగులుతుంది.

మరి మనం తెలుగులో పేర్లు పెట్టుకుంటే? నిస్సందేహంగా పెట్టుకోవచ్చు, కొన్ని లెక్కలు తెలిస్తే చాలు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో ఒక పేరుకు హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు. 'ఆంధ్రప్రదేశ్' కంటికి ఐదక్షరాలు. లోపల అవి సున్నా, పొల్లు, ఏత్వం, ఒత్తులతో కలిపి 12 సంకేతాలు, అంటే 36 బైట్లు. ఆ లెక్కన పేరు 85 సంకేతాలు దాటకూడదు. విండోస్‌లో బైట్లు లెక్కపెట్టరు, అక్కడ 255 సంకేతాల దాకా పడుతుంది. అందుకే విండోస్‌లో హాయిగా ఉన్న పొడవాటి తెలుగు పేరు లైనక్స్ సర్వర్‌కు కాపీ చేసేటప్పుడు 'పేరు మరీ పొడవు' అని తిరగ్గొడుతుంది.

లైనక్స్ డెస్క్‌టాప్ భాషను తెలుగుకు మారిస్తే డౌన్‌లోడ్స్ లాంటి ఫోల్డర్ల పేర్లు డిస్క్ మీదే తెలుగులోకి మారవచ్చు. విండోస్ అలా చేయదు, అసలు పేరు అలాగే ఉంచి పైకి వేరే పేరు చూపిస్తుంది. మారిన చోట ఇంగ్లిష్ పేరు రాసిన స్క్రిప్టులు ఆగిపోతాయి. స్క్రిప్టులో పేరు నేరుగా రాయకుండా 'ఎక్స్‌డీజీ-యూజర్-డిర్ డౌన్‌లోడ్' (చివరి మాట అంతా పెద్ద అక్షరాల్లో) అని అడిగి తెలుసుకోవడం సరైన పద్ధతి.

అన్నిటికంటే సతాయించేది కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు. పదం చివర కనిపించని జీరో-విడ్త్ గుర్తు చేరితే 'ఫైల్' అన్న పేరే రెండుసార్లు ఒకే ఫోల్డర్‌లో కూర్చుంటుంది. ఐత్వం ఇంకో చిక్కు. 'తైలం'లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వానికి కింది గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్క్‌లు విడదీసి దాచేవి, లైనక్స్ ఉన్నదున్నట్టు దాస్తుంది, కాబట్టి అక్కడ ఈ రెండూ వేర్వేరు ఫైళ్లు. ఏది ఏదో తేల్చడానికి 'ఎల్ఎస్ -ఐ' కొడితే ఒక్కోదాని ముందు దాని ఐనోడ్ నంబర్ వస్తుంది. ఆ నంబర్‌తో 'ఫైండ్ . -ఐనమ్' వాడి కావాల్సినదాని పేరు మార్చుకోవచ్చు. ఫోల్డర్ నిండా ఐత్వం ఇలా విడిపోయిన పేర్లే ఉంటే 'కాన్వ్‌ఎమ్‌వీ -ఎఫ్ యూటీఎఫ్8 -టీ యూటీఎఫ్8 --ఎన్ఎఫ్‌సీ -ఆర్ .' కొట్టండి. అది మొదట ఏయే పేర్లు ఎలా మారతాయో చూపిస్తుంది, దేన్నీ మార్చదు. జాబితా చదివి సరే అనుకున్నాక '--నోటెస్ట్' చేర్చి మళ్లీ కొడితే అప్పుడు మారుస్తుంది.